పైరునకు కాపుగాచు పచ్చని అల్లిక రెక్కల పురుగు

ప్రత్తి ఆకును తిప్పి అడుగు భాగమును చూచినప్పుడు, తలవెండ్రుక వంటి సన్నని తెల్లని కాడ చివర, నువ్వుగింజకన్న చిన్నదగు పచ్చని గ్రుడ్డొకటి నిలిచియుండుట మన రైతులలో అనేకులు చూచియే యుందురు. కొందఱు దానిని బూజు అనుకొందురు. కొందఱు ఆకునకు పట్టిన తెగులనుకొందురు. మఱికొందఱు అది పురుగు గ్రుడ్డని సరిగానే గ్రహింతురు గాని, పురుగన్నది ఏదైనను చెఱుపు చేయునదేయని తలచి, మఱునాటి ఉదయమే మందు కొట్టు పంపును భుజమున కెత్తుకొందురు. అది పురుగు గ్రుడ్డే. కాని పైరును తిను పురుగుది కాదు, పైరును తిను పురుగులను తినునట్టి పురుగుది. దానినే పచ్చని అల్లిక రెక్కల పురుగు అందురు.

మందునకు మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. పేనుబంకకని కొట్టిన మందు పేనుబంకలో కొంత భాగమును చంపి, దానిని తినునట్టి పురుగులను పూర్తిగా చంపినయెడల, మిగిలిన పేనుబంక అడ్డు లేక పెరిగి కొలది దినములలోనే మరల పైరును కప్పివేయును. అప్పుడు మరల మందు, మరల అప్పు. 1980 తరువాతి దశకములో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి పొలములయందు తెల్లదోమ విజృంభించి రైతులను కష్టములపాలు చేసిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. అప్పుడు క్రొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను మితిమీఱి కొట్టుటయు, దానివలన మిత్రపురుగులు నశించుటయు ఆ ఉపద్రవమునకు గల కారణములలోనివి. కావున మిత్రుని గుర్తించుట యనునది పండితుల వినోదము కాదు. అది మన పెట్టుబడికి సంబంధించిన విషయము. ఈ పురుగును ఎట్లు గుర్తింపవలెనో, దాని పేరు వెనుక నున్న చరిత్ర యేమో, ఆ పేరుతో రైతునకు గల పని యేమో, ఈ వ్యాసమున మేము వివరింపదలచితిమి.

ఇంటిపేరును, పెట్టిన పేరును

మన తెలుగువారు ఇంటిపేరును ముందు చెప్పి, పెట్టిన పేరును తరువాత చెప్పుదురు. జంతువులకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టు పద్ధతియు ఇట్టిదే. స్వీడన్ దేశస్థుడగు లిన్నేయస్ పండితుడు 1758వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథము జంతువుల పేర్లకు మొదలుగా పరిగణింపబడుచున్నది. ఆ పద్ధతిలో మొదటి మాట ప్రజాతి పేరు. అది ఇంటిపేరు వంటిది. రెండవ మాట జాతి పేరు. అది పెట్టిన పేరు వంటిది. ఇంటిపేరు ఒక్కటే యైనంతమాత్రమున అన్నదమ్ముల గుణములన్నియు ఒక్కటి కానట్లు, ఒకే ప్రజాతికి చెందిన పురుగులు చూపునకు ఒక్కటిగా నున్నను నడవడిలో వేఱుగా నుండవచ్చును.

మన పురుగు న్యూరోప్టెరా అను వర్గమునకు చెందినది. ఈ వర్గపు పురుగుల రెక్కలపై ఈనెలు వలవలె అల్లుకొని యుండును. ఇసుకలోను మెత్తని దుమ్ములోను గరాటువంటి గుంటను చేసికొని, అడుగున దాగి చీమలను పట్టు పురుగును మన పిల్లలందఱును ఎఱుగుదురు. అదియు ఈ వర్గములోనిదే. ఈ వర్గములో క్రైసోపిడే అను కుటుంబము కలదు. గ్రీకు భాషలో ఆ పేరునకు బంగారు కన్నని భావము. ప్రాణముతో నున్న పురుగు కన్నులు వెలుతురునందు మేలిమి బంగారమువలె మెఱయుటచేత ఆ పేరు వచ్చినది. ఈ కుటుంబమున ప్రపంచమంతటను పండ్రెండు వందలకు పైగా జాతులు కలవు. వానిలో మన పొలములకు మిక్కిలి ఉపకారము చేయునది క్రైసోపర్లా అను ప్రజాతి.

ఉమ్మడి కుటుంబము వేఱుపడుట

1815లో ఇంగ్లండునందలి లీచ్ అను పండితుడు క్రైసోపా అను ప్రజాతిని ఏర్పఱచెను. అది మొదలు పచ్చని అల్లిక రెక్కల పురుగులలో పెక్కింటిని ఆ ఒక్క యింటనే చేర్చుచు వచ్చిరి. 1836లో స్టీఫెన్స్ అను మఱియొక ఆంగ్ల పండితుడు వానిలో ఒకదానికి కార్నియా అని పేరు పెట్టెను. లాటిన్ భాషలో ఆ మాటకు మాంసపు రంగు గలదని భావము. పచ్చని పురుగునకు ఈ పేరేమని మన సభ్యులు అడుగవచ్చును. ఐరోపా దేశములలో చలికాలము వచ్చినప్పుడు ఈ పురుగు పచ్చదనమును కోల్పోయి ఎఱుపు కలసిన గోధుమరంగునకు మాఱి, ఎండుటాకుల నడుమను ఇండ్ల మూలలయందును తలదాచుకొనును. స్టీఫెన్స్ వర్ణించినది అట్టి రంగు మాఱిన పురుగునే.

1964లో హంగరీ దేశస్థుడగు స్టైన్‌మన్ ఈ ఉమ్మడి కుటుంబమునుండి కొన్ని జాతులను వేఱుచేసి, వానికి క్రైసోపర్లా అను పేరు పెట్టెను. ఆయన దానిని క్రైసోపాలో ఒక భాగముగానే ఉంచెను గాని, తరువాతివారు దానిని స్వతంత్రమైన ప్రజాతిగా అంగీకరించిరి. 1994లో లండన్ నగరపు ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలకు చెందిన బ్రూక్స్ ఈ ప్రజాతి నంతటిని పరిశీలించి సమగ్రమైన వివరణమును ప్రకటించెను.

ఈ వేఱుపాటునకు ఆధారములు మగపురుగు పొట్ట చివర నుండు అవయవముల నిర్మాణము, రెక్కల ఈనెల అమరిక మొదలగునవి. అవి సూక్ష్మదర్శినితో చూడవలసినవి. కాని రైతునకు పనికివచ్చు భేద మొకటి కలదు. క్రైసోపా ప్రజాతిలో పిల్లపురుగును వేటాడును, రెక్కలు వచ్చిన పెద్దపురుగును వేటాడును. క్రైసోపర్లాలో పిల్లపురుగు మాత్రమే వేటాడును. పెద్దపురుగు పుప్పొడిని, పూలలోని తేనెను, పేనుబంక మొదలగునవి విసర్జించు తియ్యని జిగురును ఆరగించి బ్రదుకును. కావున ఈ తల్లిపురుగు మన పొలములో నిలిచి గ్రుడ్లు పెట్టవలెనన్నచో దానికి పూలు కావలెను. గట్టుమీద పూచిన మొక్క నొక్కదానినైనను మిగుల్పక నఱికివేసిన పొలములో దానికి కూడు దొరకదు.

పాటను బట్టి జాతిని తెలిసికొనుట

చాల కాలము వఱకు ఐరోపా, ఆసియా, అమెరికా ఖండములలో కనబడు ఈ పోలిక గల పురుగులన్నియు కార్నియా యను ఒక్క జాతియేయని శాస్త్రజ్ఞులు తలచిరి. రంగును బట్టి, రెక్కను బట్టి చూచిన వేఱుచేయుటకు వీలుగా లేకుండెను. చీకటిలో ఎదురుపడిన మనిషిని ముఖము కనబడకున్నను గొంతును బట్టి గుర్తింతుము గదా! ఈ పురుగుల విషయమునను అటులే జరిగినది.

క్రైసోపర్లా పురుగులు జతకూడుటకు ముందు పాట పాడుకొనును. అది మన చెవులకు వినబడు పాట కాదు. పురుగు తన పొట్టను పైకి క్రిందికి వడిగా కదలించును. పొట్ట ఆకునకు తగులదు; ఐనను ఆ కదలిక కాళ్లగుండ ఆకునకును కొమ్మకును ప్రాకును. సమీపమున నున్న రెండవ పురుగు దానిని కాళ్లతోనే గ్రహించి, అదే వరుసలో బదులు పలుకును. మగదియు ఆడుదియు వంతులవారీగా ఇట్లు పాడి, పాట సరిపోయిననే జతకూడును. పాట సరిపడనిచో సాధారణముగా జత కుదురదు. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ హెన్రీ 1979 మొదలు ఈ పాటలను యంత్రములతో గ్రహించి పరిశీలింపగా, కార్నియా యనుకొన్నది ఒక్క జాతి కాదనియు, చూపునకు ఒకేవిధముగా నుండి పాటలో వేఱైన సుమారు ఇరువది జాతుల గుంపనియు క్రమముగా తేలినది. అమెరికాలోని పురుగునకు 1855లో ఫిచ్ పెట్టిన ప్లోరాబుండా అను పేరును, జపాను పురుగునకు 1914లో ఒకమోటో పెట్టిన నిప్పొనెన్సిస్ అను పేరును మరల వాడుకలోనికి వచ్చినవి.

ఇక మన దేశపు పురుగు. దానినిగూడ మన పుస్తకములలో చాల కాలము కార్నియా యనియే వ్రాసిరి. 2010లో హెన్రీ, బ్రూక్స్, జాన్సన్, ద్యుయెల్లి అను విదేశ పండితులును, బెంగుళూరుకు చెందిన వెంకటేశన్ అను మన దేశపు శాస్త్రజ్ఞుడును కలసి, పాటను ఆకారమును పరిశీలించి, మన పైరులయందు ముఖ్యముగా నుండునది కార్నియా కాదని నిర్ణయించిరి. దాని సరియైన పేరు క్రైసోపర్లా జాస్ట్రోవి సిల్లెమి. జాస్ట్రోవి అను పేరును 1928లోను, సిల్లెమి అను పేరును 1935లోను డెన్మార్కు దేశపు ఎస్బెన్-పీటర్సన్ పెట్టియుండెను. ఆ రెండును వేఱు జాతులు కావనియు, ఒకే జాతిలో రెండు శాఖలనియు పాటల పోలికనుబట్టి తెలియవచ్చినది. జాస్ట్రోవి శాఖ దక్షిణాఫ్రికాలోనిది. సిల్లెమి శాఖ పశ్చిమాసియానుండి మన దేశము వఱకు వ్యాపించియున్నది.

పేరుతో రైతునకేమి పని?

పేరేదైన నేమి, పురుగు పని చేసిన చాలునని కొందఱనవచ్చును. విత్తనపు సంచిపై ఒక రకము పేరుండి లోపల మఱియొక రకముండినచో మనమట్లే యూరకుందుమా? ఒక జాతిని గూర్చి వ్రాసిన మాటలు దానిని పోలిన మఱియొక జాతికి చెల్లవు. అమెరికాలో రూఫిలాబ్రిస్ అను క్రైసోపర్లా జాతి తేమ గల తావులకును, కార్నియా గుంపులోనిది పొడి తావులకును తగియుండునని తెలిసికొని, తోటను బట్టి పురుగును ఎంచుకొందురు. ఐరోపాలోని కార్నియా చలికాలమున ఎట్లు నిదురించునో చదివి, దానిని బట్టి మన రబీ పైరులో ఈ పురుగు నడవడిని ఊహించుట పొరపాటగును.

శత్రువు విషయమునను ఇంతే. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతముల మిరప తోటలను చెఱచిన తామర పురుగు మన మెఱిగిన పాతది కాదు. పాతది ముఖ్యముగా లేత ఆకులను ముడుచునట్లు చేయును, క్రొత్తది పూలలో గుంపులుగా చేరును. త్రిప్స్ పార్విస్పైనస్ అను ఈ క్రొత్తది మన దేశమున నున్నట్లు 2015లోనే బెంగుళూరు ప్రాంతపు బొప్పాయినుండి ప్రకటింపబడినది. ఆకును మాత్రమే చూచి పూవును చూడని రైతు దానిని ఆలస్యముగా కనిపెట్టును. పురుగును సరిగా గుర్తించుట ఎక్కడ చూడవలెనో, ఎప్పుడు చూడవలెనో తెలుపును.

పొలములో గుర్తించు విధము

జాతిని నిర్ణయించుట శాస్త్రజ్ఞుల పని. ప్రజాతిని పోల్చుకొనుట మాత్రము రైతునకు సాధ్యమే. భూతద్దమొకటి యున్న మేలు. ఈ పురుగు జీవితమున నాలుగు దశలు కలవు.

మొదటిది గ్రుడ్డు. క్రైసోపర్లా తల్లి రాత్రివేళ ఆకుమీద ఒక జిగురు చుక్క నుంచి, పొట్టను పైకెత్తి దానిని దారముగా సాగదీసి, చివర ఒక్కొక్క గ్రుడ్డును పెట్టును. కాడ సుమారు అరసెంటీమీటరు పొడవుండును. చీమలనుండియు, ముందుగా పుట్టిన తన తోబుట్టువుల నోటినుండియు గ్రుడ్డును కాపాడుటకు ఈ కాడ తోడ్పడును. క్రొత్తగా పెట్టిన గ్రుడ్డు పచ్చగా నుండి, పొదుగబడుటకు ముందు బూడిదరంగునకు మాఱును. పిల్ల వెలువడిన పిమ్మట తెల్లని డొల్ల మాత్రము కాడపై మిగులును. మన ఎండలకు మూడు నాలుగు దినములలో పిల్ల వెలువడును.

రెండవది పిల్లపురుగు. మనకు ఉపకారము చేయునది ఇదియే. బాగుగా ఎదిగినప్పుడు సుమారు వడ్లగింజంత పొడవుండి, కదురువలె నడుమ లావుగా, రెండు కొనలును సన్నముగా నుండును. రంగు బూడిద, గోధుమ, మీగడ రంగుల కలయిక. ఆఱు కాళ్లతో చురుకుగా పరుగెత్తును. తలముందు రెండు కొడవళ్లవంటి కోఱలుండును. ఇదియే ముఖ్యమైన గుర్తు. ఆ కోఱలు లోపల బోలుగా నుండును. వానితో పేనుబంకను పొడిచి పైకెత్తి, లోని రసమును పీల్చి, తోలును పాఱవేయును. పేనుబంక, తెల్లదోమ పిల్లలు, పచ్చదోమ పిల్లలు, తామర పురుగులు, పిండినల్లి, ఎఱ్ఱనల్లి, రెక్కల పురుగుల గ్రుడ్లు, అప్పుడే పుట్టిన చిన్న గొంగళి పురుగులు దీనికి ఆహారము. ఎనిమిది పది దినములలో రెండుసార్లు చర్మము విడిచి, ఒక్కొక్క పిల్ల కొన్ని వందల పేనుబంక పురుగులను చంపును.

మూడవది గూడు. ఎదిగిన పిల్ల ఆకు మడతలోనో, మొగ్గ ప్రక్కనో తెల్లని పట్టుదారముతో గుండ్రని గూడు కట్టుకొనును. అది ఆవగింజకన్న పెద్దది, మిరియపుగింజకన్న చిన్నది. దీనిని చూచి పిండినల్లి యని భ్రమపడరాదు. పిండినల్లి వ్రేలితో నలిపిన చితికిపోవును, గూడు గట్టిగా నుండును. సుమారు వారము దినములు అందుండును.

నాలుగవది రెక్కల పురుగు. లేత పచ్చని శరీరము, అరంగుళము పొడవు. శరీరముకన్న పొడవైన నిర్మలమైన రెక్కలు. కూర్చున్నప్పుడు రెక్కలను ఇంటి కప్పువలె రెండు ప్రక్కలకు వాల్చును. మీసములు దారమువలె పొడవుగా నుండును. తలనుండి పొట్ట చివర వఱకు వీపుమీద లేత పసుపు చార యొకటి కనబడును. ఇది కార్నియా గుంపు క్రైసోపర్లా పురుగుల గుర్తు. బుగ్గపై ఎఱ్ఱనిదో నల్లనిదో చిన్న గీత యుండును. రాత్రివేళ దీపమునకు వచ్చును. మెల్లగా, బలము లేనట్లుగా ఎగురును.

పోలిన పురుగులు

ఈ కుటుంబమునకే చెందిన మల్లాడా అను మఱియొక ప్రజాతి మన తోటలలో కలదు. దాని పిల్ల తాను తిన్న పురుగుల తోళ్లను, చెత్తను వీపుపై మోయుచు తిరుగును. చెత్త ముద్ద నడచినట్లుండును. క్రైసోపర్లా పిల్ల వీపు మాత్రము నున్నగా, ఏ బరువును లేక యుండును. మల్లాడాయు మన మిత్రుడే, దానినిగూడ కాపాడవలెను. గోధుమరంగు అల్లిక రెక్కల పురుగులు వేఱొక కుటుంబమునకు చెందినవి. అవి కొంచెము చిన్నవి, అవియు వేటాడునవే. అక్షింతల పురుగు పిల్ల నల్లగా, నారింజరంగు మచ్చలతో నుండును. దానికి కొడవలి కోఱలు పైకి కనబడవు. సిర్ఫిడ్ ఈగ పిల్లకు కాళ్లే యుండవు. జలగవలె ప్రాకుచు పేనుబంకను తినును. ఇవియన్నియు మిత్రులే. ఆకును కొఱుకు గొంగళి పురుగు నెమ్మదిగా కదలును, దానికి కొడవలి కోఱలుండవు, దాని ప్రక్కన కొఱికిన ఆకును రెట్టయు కనబడును. అల్లిక రెక్కల పురుగు పిల్ల ప్రక్కన కొఱికిన ఆకుండదు, రెట్టయు నుండదు. పిల్లదశలో అది విసర్జింపనే విసర్జింపదు; ఆ మలమంతయు రెక్కలు వచ్చిన తరువాతనే వెలువడును. ఇది మఱువరాని గుర్తు.

సంఘముగా చేయదగిన పని

బెంగుళూరునందలి జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో శాస్త్రజ్ఞులు ఈ పురుగును పెంచు విధానమును అభివృద్ధి చేసి, కొన్ని మందులను కొంతవఱకు ఓర్చుకొను వంశమునుగూడ సిద్ధపఱచిరి. పిల్లపురుగులకు ఆహారముగా, నిలువ బియ్యమునకు పట్టు కార్సైరా పురుగు గ్రుడ్ల నిత్తురు. పిల్లలను ఒకచోట కుక్కి యుంచినయెడల ఒకదానినొకటి తినివేయును. కావున ఎదుగు పిల్లలను వేఱువేఱు అఱలలో నుంతురు. కొనువారు జాతి పేరేమి, గ్రుడ్లు ఏనాడు సేకరించిరి అను రెండు ప్రశ్నలను తప్పక అడుగవలెను. ఎండలో వచ్చిన పెట్టెను తీసికొనరాదు. సాయంకాలము చల్లబడిన తరువాతనే పొలములో విడువవలెను. పురుగు పైరును పూర్తిగా ముంచివేసిన పిమ్మట విడిచిన లాభము తక్కువ. అప్పుడప్పుడే కనబడుచున్నప్పుడు విడిచిన ఫలము మెండు.

కొనకుండనే చేయదగిన పని ఇంకను ఎక్కువ. ప్రత్తి చుట్టును జొన్న, మొక్కజొన్న వరుసలను, నడుమ అలసందలను వేసిన మిత్రపురుగులకు పుప్పొడియు, నీడయు, ఆహారమును దొరకును. మందు కొట్టుటకు ముందు పొలములో నాలుగు మూలలును నడుమను కలిపి ఇరువది మొక్కలనైనను తిప్పి చూచి, కాడ గ్రుడ్లెన్ని, కొడవలి కోఱల పిల్లలెన్ని, పేనుబంక ఎంత యని లెక్క వ్రాసికొనవలెను. మిత్రులు దండిగా నున్నచో రెండు మూడు దినములు ఓపిక పట్టి మరల చూడవలెను. మందు తప్పనిసరియైనచో, వ్యవసాయాధికారి నడిగి, మిత్రపురుగులకు తక్కువ హాని చేయుదానినే వాడవలెను.

ఇది ఒక్కనివలన నెఱవేరునది కాదు. రెక్కల పురుగు పొలము గట్టును ఎఱుగదు. ఒకరు కాపాడిన తల్లిపురుగు ప్రక్క పొలములో గ్రుడ్లు పెట్టును. ప్రక్కవారు కొట్టిన మందునకు మన పొలమున పుట్టినది చచ్చును. అప్పు విషయమున, ఎరువు విషయమున, విత్తనము విషయమున మనము సంఘముగా నేర్పడితిమి. మిత్రపురుగుల విషయమునను అట్లే కావలెను. ప్రతి సంఘమును రెండు భూతద్దములు కొని సభ్యుల వాడుకకు కార్యాలయమున నుంచవలెననియు, పైరు కాలమున వారమునకొకసారి కొందఱు సభ్యులు కలసి ఒక్కొక్కరి పొలమును చూచి లెక్క వ్రాయవలెననియు మేము సూచించుచున్నాము. ఈ వ్యాసమును చదువనేర్చినవారు చదువరాని సభ్యులకు వినిపించి, కాడ గ్రుడ్డును పొలములోనే చూపుదురుగాక. ఒక్కసారి కన్ను పట్టిన తరువాత ఆ గుర్తు మఱపునకు రాదు. ఈ సారి మందు పంపును నింపుటకు ముందు ఆకును తిప్పి చూడుడు.